ఆట మానే వేళ: లక్ష్మణ్ చివరి సీజన్లు

ఆటగాడు ఎప్పుడు మానుకోవాలి అనే ప్రశ్నకు పత్రికలవాళ్ళు, అభిమానులు, సెలెక్టర్లు తలా ఒక జవాబు చెబుతారు. శరీరం చెప్పే జవాబు వేరు. అది చాలా నెమ్మదిగా చెబుతుంది, మొదట ఆటగాడి చెవికే చెబుతుంది. బి.ఎస్సీ.లో జీవశాస్త్రం చదువుతున్న నాకు ఈ సంగతి మీద మొదటినుంచీ ఆసక్తి. వివరించడానికి వి.వి.ఎస్. లక్ష్మణ్ చివరి రెండేళ్ళ ఆటకు మించిన ఉదాహరణ దొరకలేదు.

2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆయన చేసిన 281 గురించి మళ్ళీ రాస్తే పాఠకుల ఓర్పును పరీక్షించినట్టే. అప్పటికి ఆయనకు ఇరవయ్యారేళ్ళు. నేను చెప్పబోయేది ముప్పై ఐదు దాటిన లక్ష్మణ్ సంగతి. తల్లిదండ్రులిద్దరూ విజయవాడలో డాక్టర్లు. డాక్టరు చదువా, క్రికెట్టా అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు క్రికెట్టువైపు వచ్చిన మనిషి.

2010 ఆగస్టులో కొలంబోలో 257 పరుగుల లక్ష్యం. వీపు పట్టేసినా 103 నాటౌట్‌తో గెలిపించాడు. అక్టోబరులో మొహాలీలో ఆస్ట్రేలియా మీద లక్ష్యం 216. ఎనిమిది వికెట్లు 124కే పోయాయి. వీపునొప్పితో లక్ష్మణ్ పరుగెత్తలేడు, ఆయన బదులు రైనా పరుగెత్తాడు. ఇషాంత్ శర్మతో 81 పరుగులు జోడించి, చివరికి ఓఝాతో కలిసి ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. తన స్కోరు 73 నాటౌట్. ఆ రోజు మా చిన్నాయన శనగ విత్తనాల కోసం జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయి, ఒక టీ.వీ. షాపు ముందు నిలబడిపోయాడట. విత్తనాలు మర్నాడు వచ్చాయి. డిసెంబరులో డర్బన్‌లో చేసిన 96 కూడా గెలిచిన మ్యాచిలోనిదే.

2011 వేసవిలో ఇంగ్లండులో కథ మారింది. ఎనిమిది ఇన్నింగ్సుల్లో 182 పరుగులు. మనం 4-0తో ఓడిపోయాం. ఆ అక్టోబరు 1 నుంచి ఐ.సి.సి. రన్నర్ పద్ధతినే ఎత్తివేసింది. అంటే మొహాలీలో దొరికిన సాయం ఇక ఎవరికీ దొరకదు. నవంబరులో కలకత్తాలో వెస్టిండీస్ మీద 176 నాటౌట్ కొట్టేసరికి, ఇంకేం, పాత లక్ష్మణ్ వచ్చేశాడన్నారు. మూడు నెలలు తిరక్కుండా ఆస్ట్రేలియాలో ఎనిమిది ఇన్నింగ్సుల్లో 155. మళ్ళీ 4-0. పత్రికలు వయసైపోయింది, చూపు తగ్గింది, రిఫ్లెక్సులు పోయాయి అని రాశాయి.

ఇక్కడే కొంచెం లెక్క చూద్దాం. గంటకు 140 కిలోమీటర్ల బంతి అంటే సెకనుకు సుమారు 39 మీటర్లు. క్రీజు నుంచి క్రీజుకు 17.7 మీటర్లు. భాగిస్తే 0.45 సెకను. గాలీ పిచ్చూ కొంత వేగం లాగేస్తాయి గనక అర సెకను అనుకుందాం. కన్ను చూసినదానికి చెయ్యి కదలడానికే 0.2 సెకను కావాలి. వయసుతో ఇది పెరిగే మాట నిజమే గాని, ఇరవై అయిదుకూ ముప్పై ఏడుకూ మధ్య తేడా సెకనులో వందో వంతు లెక్క, అంతే. పైగా మంచి బ్యాట్స్‌మన్ బంతి వెంట కళ్ళు తిప్పుతూ కూర్చోడు. బౌలరు చెయ్యి, మణికట్టు చూసి ఊహిస్తాడు. బంతి పడబోయే చోటికి అతని చూపు ముందే దూకుతుందని ప్రయోగాల్లో తేలింది. ఆ ఊహ అనుభవంతో పెరిగేదే గాని తగ్గేది కాదు. కాబట్టి చూపు పోయిందన్న మాట నాకు అంతగా నచ్చలేదు.

మరి పోయేదేమిటి? కోలుకునే శక్తి. వేగంగా ముడుచుకునే కండర తంతువులు ముప్పై దాటాక సన్నబడుతూ వస్తాయి. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళల్లో నీరు తగ్గుతుంది. ఇరవై ఏళ్ళవాడి కండరంలో పడ్డ చిన్న చీలికలు త్వరగా సర్దుకుంటాయి. ముప్పై ఏడేళ్ళవాడికి అంతకంటే ఎక్కువ రోజులు పడుతుంది. టెస్టు మ్యాచి ఇచ్చేది ఒక్క రాత్రి. లక్ష్మణ్ స్లిప్పు ఫీల్డరు, టెస్టుల్లో 135 క్యాచులు పట్టినవాడు. రోజుకు 90 ఓవర్లంటే 540 బంతులు. స్లిప్పులో నిలబడ్డవాడు 540 సార్లు నడుం వంచాలి. మా పొలంలో కలుపు తీసే ఆడవాళ్ళకు ఈ లెక్క చెబితే నవ్వుతారేమో, వాళ్ళకది పొద్దున పూటకే అయిపోతుంది. ఇంగ్లండు, వెస్టిండీస్, ఆస్ట్రేలియా సిరీసులు కలిపి ఆరు నెలల చిల్లరలో 11 టెస్టులు. కలకత్తాలో 176 కొట్టగలిగినవాడు ఆస్ట్రేలియాలో నాలుగు టెస్టులు వరసగా నిలబడలేకపోవడంలో నాకు విడ్డూరమేమీ కనపడదు. ఒక్క రోజు ఆట ఇంకా ఉంది, పదకొండు టెస్టుల ఆట లేదు.

ఆటను బట్టి ఈ హద్దు మారుతుంది. కెనడావాళ్ళ ఐస్ హాకీలో గోర్డీ హోవ్ అనే ఆయన 1971లో మణికట్టు వాతంతో రిటైరై, 1973లో మళ్ళీ వచ్చి కొడుకులిద్దరితో ఒకే జట్టులో ఆడాడు. 1979-80 సీజన్‌లో 80 మ్యాచులూ ఆడి 15 గోల్సు చేసి, 52 ఏళ్ళకు మానుకున్నాడు. అది మొరటు ఆటే గాని, ఆటగాడు నిమిషం లోపే మంచు మీద పరుగెత్తి బయటికొచ్చి కూర్చుంటాడు, మళ్ళీ వంతు వచ్చినప్పుడు పోతాడు. మధ్యలో ఊపిరి దొరుకుతుంది. మన సి.కె. నాయుడుగారు 1956-57లో 61 ఏళ్ళ వయసులో ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడారు. కాని ఆ రోజుల్లో ఆరు నెలల్లో పదకొండు టెస్టులు ఎవరు ఆడారు?

జమ్మలమడుగు, పులివెందుల వైపు తిరునాళ్ళలో బండలాగుడు పందేలు చూసినవాళ్ళకు ఇంకో సంగతి తెలుసు. అక్కడ ఎద్దులను పళ్ళు చూసి విడదీస్తారు: పాలపళ్ళవి, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి, ఆపైన సీనియర్లు. కుర్ర కోడె మీదికి ముసలి ఎద్దును తోలరు. పందెం నుంచి ఎప్పుడు తప్పించాలో యజమాని చూసుకుంటాడు, ఎద్దు చెప్పలేదు. లాగినంతసేపూ బాగానే ఉంటుంది. మర్నాడు పొద్దున గాటి దగ్గర లేచే తీరు చూసి తెలుసుకోవాలంటాడు మా నాయన.

మనిషి తనే చెప్పగలడు, కాని చెప్పడు. డబ్బు, పేరు, అలవాటు అడ్డమొస్తాయి. లక్ష్మణ్‌ను 2012 ఆగస్టులో న్యూజిలాండ్ సిరీస్‌కు జట్టులోకి తీసుకున్నారు. మొదటి టెస్టు ఆగస్టు 23న, సొంత ఊరు హైదరాబాదులో, ఉప్పల్ స్టేడియంలో. అంతకు అయిదు రోజుల ముందు, ఆగస్టు 18న, ఆయన రిటైరవుతున్నట్టు ప్రకటించాడు. ఎవరూ తీసేయలేదు. 134 టెస్టులు, 8781 పరుగులు, 17 సెంచరీలు. అడిలైడ్‌లో జనవరిలో ఆడిందే చివరి టెస్టు అయిపోయింది.

సొంత ఊళ్ళో ఒక్క మ్యాచి ఆడి, దండలు వేయించుకొని పోయుంటే ఏం పోయేది అని మా చిన్నాయన ఇప్పటికీ అంటాడు. ఒక్క మ్యాచి ఆడాలంటే ఒక కుర్రవాడు బయట కూర్చోవాలి కదా చిన్నాయనా అంటే, ‘ఒక్క మ్యాచికి కూర్చుంటే వాడేం అరిగిపోడులేరా’ అంటాడు. అదే ఏడు మార్చిలో ద్రావిడ్ తప్పుకున్నాడు. ఉప్పల్‌లో ఆయన ఖాళీ చేసిన మూడో స్థానంలో దిగిన పుజారా 159 కొట్టాడు, మనం ఇన్నింగ్స్ 115 పరుగులతో గెలిచాం. ఈ మాట చెబితే చిన్నాయన, అది ద్రావిడ్ చోటు గాని లక్ష్మణ్‌ది కాదు కదా అని లేచిపోతాడు.