పాట వరుసకు అచ్చురూపు: లైనక్సున లిలీపాండు చిక్కులు

ద్రాక్షారామ ప్రాంతమున మంగళహారతులు, పెండ్లిపాటలు నోటికి వచ్చిన వృద్ధురాండ్రు నేటికిని గలరు. మాటలు వ్రాసికొన్న పుస్తకములు ఇండ్లలో నున్నవి. వరుస మాత్రము కంఠముతోడనే పోవుచున్నది. 1904వ సంవత్సరమున సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు లిపిలో, గమకములకు ప్రత్యేక చిహ్నములతో అచ్చయినది. అది ఎట్టయాపుర సంస్థానము పూనికతో జరిగిన మహాకార్యము. నేడు వరుసను అచ్చునకెక్కించుటకు ఇంటనున్న పాత కంప్యూటరు చాలును; పైకముతో పనిలేదు.

అందులకు సాధనము లిలీపాండు. హాలెండు దేశీయులిద్దరు దీనిని 1996లో ఆరంభించిరి. స్వరములను అక్షరములుగా వ్రాసియిచ్చినచో, ఐదుగీతల పాశ్చాత్య స్వరలిపిగా తీర్చి, క్రింద సాహిత్యమును చేర్చి పుటను సిద్ధపరచును. మన గమకమంతయు ఆ గీతలలో ఇముడదు. అయినను హారతిపాట వరుస నిలుచుటకు అది చాలునని నా యభిప్రాయము.

లైనక్సున దీనిని స్థాపించుట ఒక్క ఆజ్ఞతో ముగియును. చిక్కులు తరువాత వచ్చును. మీ మనుమడు "ఇది పనిచేయదు తాతా" యని లేచిపోకముందు ఈ సంగతులు చూడుమనుడు.

లైనక్సుతో వచ్చు లిలీపాండు తరచుగా కొంత పాతది. 2022 ఏప్రిలున వెలువడిన ఉబుంటులో 2.22 కలదు, 2.24 ఆ యేడు డిసెంబరున గాని రాలేదు. ఎవరేని 2.24 కొరకు వ్రాసి పంపిన పాటను అందు నడిపినచో, ప్రోగ్రాము పాతదని యాంగ్లమున చెప్పును. పాటలో దోషమేమియు లేదు. లిలీపాండువారు ఇచ్చు కొత్త మూటను దెచ్చి విప్పవలెను. పాటయే పాతదైనచో 'కన్వర్ట్-ఎల్‌వై' యను తోడి సాధనము దానిని కొత్త పద్ధతికి మార్చును.

మూట విప్పినను, పేరుపెట్టి పిలిచినప్పుడు పాతదే పలుకవచ్చును. ఒకే వీధిలో ఇద్దరు సుబ్బారావులున్నట్లు! కంప్యూటరు తాను వెదకు త్రోవలో మొదట కనబడినదానినే పిలుచును. వెర్షను సంఖ్య నడిగినచో పలికినదెవరో తేలును. పాతదానిని తొలగించుట, లేదా కొత్తదానిని పూర్తి చిరునామాతో పిలుచుట యుపాయము.

ఇక మనవారికే ప్రత్యేకమైన చిక్కు. స్వరములు చక్కగా వచ్చి, సాహిత్యముండవలసిన చోట ఖాళీ గళ్లు కనబడును. అనగా తెలుగు లిపి ఆ యంత్రమున లేదన్నమాట. పోతన, నోటో వంటి యూనికోడు లిపి నొకదానిని చేర్చిన చాలును. అచ్చుకొట్లలో అలవాటైన పాత 'అను' లిపులలో కొట్టిన పాఠము ఇచట పనికిరాదు. ఆంగ్లాక్షరముల గందరగోళముగా వచ్చును. సాహిత్యమును స్వరమునకొక అక్షరముగా విడదీయవలెను: ద్రా, క్షా, రా, మ యని. నడుమ ఖాళీవిడిచి రెండేసి అడ్డగీతలుంచవలెను. ఒత్తును దాని హల్లునుండి వేరుచేయరాదు.

తప్పు దొరలినచో లిలీపాండు పంక్తిసంఖ్యను, అక్షరస్థానమును చెప్పును. మొదటి ఫిర్యాదును సరిదిద్ది మరల నడుపవలెను. క్రిందివి పెక్కు దానినుండి పుట్టినవే. ఈలోగా అమ్మమ్మగారి చేత పాడించి ఫోనులో పట్టియుంచుడు. వ్రాతపని ఆషాఢమున నైనను చేసికొనవచ్చును.