సముద్రం చూడని ఊరి నుంచి కోస్ట్ గార్డ్‌కు

2019 ఆగస్టు 12. ఆ రోజు బక్రీద్. ఇళ్లలో ఖుర్బానీ పనులు సాగుతున్న వేళ విశాఖ దగ్గర సముద్రంలో ‘కోస్టల్ జాగ్వార్’ అనే నౌకలో మంటలు లేచాయి. అందులోని 29 మందీ నీళ్లలోకి దూకారు. కోస్ట్ గార్డ్ నౌక ‘రాణి రాష్మోణి’ వెళ్లి 28 మందిని పైకి తీసింది. ఒకరు గల్లంతయ్యారు.

కోస్ట్ గార్డ్ అంటే నేవీయేనని చాలామంది అనుకుంటారు. రెండూ రక్షణ శాఖ కిందివే గానీ పనులు వేరు. ఆపదలో ఉన్న జాలర్లను కాపాడటం, దొంగ సరుకును పట్టడం, నీటిపై చమురు తెట్టు కడితే తొలగించడం కోస్ట్ గార్డ్ పని. 1970లలో స్మగ్లింగ్ పెరిగిపోవడంతో రుస్తుంజీ కమిటీ సిఫారసు మీద 1977 ఫిబ్రవరి 1న ఇది మొదలైంది. మరుసటి ఏడాది చట్టం వచ్చింది. సముద్రంలో ఆపద వస్తే 1554కు ఫోన్ చేయాలి.

తుర్కయంజాల్ పిల్లలు రోజూ చూసే పెద్ద నీరు మాసబ్ చెరువే. ఊరి మీదుగా పోయే సాగర్ రోడ్డు కూడా సముద్రానికి పోదు! అయినా, తీరంలో పుట్టినవారే చేరాలన్న నియమం లేదు.

నావిక్ (జనరల్ డ్యూటీ)కి ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉండాలి. పదితో చదువు ఆపినవారికి వంట, వడ్డన వంటి పనుల డొమెస్టిక్ బ్రాంచి ఉంది. డిప్లొమా వారికి యాంత్రిక్, డిగ్రీ వారికి అసిస్టెంట్ కమాండెంట్ పోస్టులు. ఆడపిల్లలూ అధికారులుగా ఉన్నారు. అయితే ప్రతి ప్రకటనలోనూ వారికి ఖాళీలుండవు.

నావిక్‌కు వయసు 18 నుంచి 22. మన పిల్లలు నష్టపోయేది ఇక్కడే. ‘ఇంకా టైముంది’ అనుకునేసరికి అది దాటిపోతుంది. ఓబీసీలకు 3 ఏళ్ల సడలింపు ఉంది గానీ, చేతిలో బీసీ-ఈ సర్టిఫికెట్ ఉందని నిశ్చింతగా ఉండరాదు. కేంద్రం తన జాబితానే చూస్తుంది. దూదేకుల వారు అందులో ఉన్నారు. మిగతావారు ముందే విచారించుకోవాలి.

ఇంకొకటి, పేరు. పది మెమోలో ‘మహమ్మద్’ అని, ఆధార్‌లో ‘ఎండీ’ అని ఉంటుంది. దీన్ని ఇవాళే సరిచేయించండి. ప్రకటన వచ్చాక పరుగెత్తితే లాభం లేదు.

పరుగు మాత్రం వేరే చోట అవసరం. రాతపరీక్ష దాటినవారు 1.6 కిలోమీటర్లు 7 నిమిషాల్లో పరుగెత్తి, 20 బస్కీలు, 10 దండీలు తీయాలి. నెగ్గిన నావిక్‌లకు తొలి శిక్షణ ఒడిశాలోని చిల్కాలో.