కోతకు ముందు కొలత

మిల్లింగ్ అంటే ఏంటని మన మెకానికల్ వాళ్లని ఎవర్నైనా అడగండి, టక్కున చెప్పేస్తారు: లేత్‌లో జాబ్ తిరుగుతుంది, మిల్లింగ్‌లో కట్టర్ తిరుగుతుంది. ల్యాబ్‌లో మనం చూసేదీ అంతే. మనం వెళ్లేసరికి మిషన్ బిగించి, వైస్ సరిచేసి, కట్టర్ పెట్టి ఉంటుంది. అంతకుముందు ఏం జరిగిందో మనకి కనపడదు.

నాకు అది పోయిన వేసవిలో కనపడింది. స్టీల్ ప్లాంట్‌లో మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా రిటైరైన నాన్న, వచ్చిన డబ్బులో కొంత పెట్టి ఒక చిన్న వర్టికల్ మిల్లింగ్ మిషన్ కొన్నారు. గాజువాకలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులోకి అది దిగింది. చిన్న బోట్ల షాఫ్ట్‌లకి కీవేలు కోసే పని దొరుకుతుందని ఆయన ఆశ.

కీవే అంటే షాఫ్ట్ మీద కోసే పొడవాటి గాడి. అందులో కూర్చునే కీ ద్వారానే ఇంజన్ బలం ప్రొపెల్లర్‌కి వెళుతుంది. గాడి వదులైతే కీ దెబ్బలు తిని తిని ఒకరోజు తెగుతుంది. రోడ్డు మీద బండి ఆగితే దిగి తోసుకోవచ్చు. నడిసముద్రంలో బోటు ఆగితే ఎవరు తోస్తారు? ఉదాహరణకి 25 మి.మీ. షాఫ్ట్ తీసుకోండి. దానికి ప్రామాణికమైన కీ వెడల్పు 8 మి.మీ., షాఫ్ట్‌లో గాడి లోతు 4 మి.మీ. మామూలు ఫిట్ కావాలంటే, అంటే మన పుస్తకాల్లో ఎన్9 అని ఉండేది, గాడి వెడల్పు 7.964కీ 8.000కీ మధ్య ఉండాలి. మనకున్న జాగా 36 మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో దాదాపు సగం. ఇక మీద చెప్పేదంతా ఆ సగం వెంట్రుక కోసమే.

ముందు మిషన్‌ని నిలబెట్టడం. ఈ మిషన్లకి బరువంతా తలలో ఉంటుంది. అందుకే ఎత్తే ముందు తలని కిందికి దించి లాక్ చేసి, చైన్ బ్లాక్‌తో మెల్లగా దింపాం. తుప్పు పట్టకుండా పూసి పంపిన గ్రీజుని కిరోసిన్‌తో కడిగి, స్లైడ్‌లకి ఆయిల్ పెట్టాం. మోటార్ 1.5 కిలోవాట్లు. దానికి విడిగా 16 ఆంప్స్ లైన్, సరైన ఎర్తింగ్ వేయించాం.

తర్వాత నేను రసమట్టం తీశాను. నాన్న నవ్వి, ‘ఓడలో లేత్ ఉంటుంది కదా, అక్కడ మట్టం ఎక్కడిది?’ అన్నారు. 1948లో జలఉష నీళ్లలోకి దిగిన ఊరు మనది, ఈ ఉదాహరణ మనకి తొందరగానే ఎక్కాలి. ఓడ ఊగుతున్నా అందులో లేత్ పని చేస్తుంది. మిషన్‌కి అసలు శత్రువు వాలు కాదు, మెలి. నేల ఎత్తుపల్లాలుగా ఉన్నచోట నాలుగు బోల్ట్‌లూ బలంగా బిగిస్తే ఇనుప బేస్ కూడా కొంచెం మెలి తిరుగుతుంది. దాంతో స్లైడ్‌లు వంకరపోతాయి. అందుకే ఏ కాలి కింద సందు ఉందో ఫీలర్ గేజ్‌తో చూసి, అక్కడ షిమ్ పెట్టి, ఆ తర్వాతే బిగించాలి. రసమట్టం ఆ మెలిని పట్టుకోడానికి పనికొస్తుంది.

ఆ తర్వాత ట్రామింగ్. స్పిండిల్ టేబుల్‌కి నిట్టనిలువుగా ఉందా లేదా చూడటం. స్పిండిల్‌కి డయల్ గేజ్ కట్టి, దాని మొన టేబుల్‌కి ఆనేలా 100 మి.మీ. దూరంలో పెట్టి, కరెంట్ తీసేసి చేత్తో తిప్పాలి. మా మిషన్‌లో ఎడమ, కుడి రీడింగ్‌ల మధ్య తేడా 0.12 మి.మీ. వచ్చింది. 200 మి.మీ.లో 0.12 అంటే, 50 మి.మీ. ఫేస్ కట్టర్ ఒక అంచు నుంచి రెండో అంచుకి 0.03 వాలి ఉందన్నమాట. తల బోల్ట్‌లు కాస్త వదులు చేసి, మేలెట్‌తో తట్టి, మళ్లీ కొలిచాం. బోల్ట్ బిగించగానే రీడింగ్ మళ్లీ జరుగుతుంది. అందుకే ఒక్కో బోల్ట్‌నీ కొంచెం కొంచెంగా బిగిస్తూ పోవాలి. ముప్పావుగంటకి తేడా 0.02కి వచ్చింది. వైస్‌కీ ఇదే వరస: కదలని దవడ మీద డయల్ ఆనించి, టేబుల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించాలి. ముల్లు కదలకూడదు.

‘మిషన్ని నమ్మకు తల్లీ, డయల్‌ని నమ్ము’ అన్నారు నాన్న. బ్యాక్‌లాష్ చూశాక ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది. హ్యాండిల్‌ని ఒకవైపు తిప్పి వెనక్కి తిప్పితే, స్క్రూకీ నట్‌కీ మధ్య ఉన్న సందు నిండేదాకా టేబుల్ కదలదు. హ్యాండిల్ మీద గీతలు మాత్రం కదులుతూనే ఉంటాయి. అందుకే కొలిచేటప్పుడు ఎప్పుడూ ఒకే దిశ నుంచి రావాలి. షాఫ్ట్ మధ్యగీత పట్టుకోవడం అలాంటిదే. షాఫ్ట్ పక్కన 0.1 మి.మీ. మందం ఉన్న కాగితం ముక్క పెట్టి, తిరగని కట్టర్ దాన్ని సరిగ్గా పట్టేదాకా టేబుల్ నడపాలి. కట్టర్‌ని పైకెత్తి, అదే దిశలో షాఫ్ట్ వ్యాసార్ధం 12.5, కట్టర్ వ్యాసార్ధం 3, కాగితం 0.1, మొత్తం 15.6 మి.మీ. నడిపితే కట్టర్ షాఫ్ట్ నడినెత్తిన ఉంటుంది.

8 మి.మీ. గాడికి 6 మి.మీ. కట్టరేంటని అడుగుతారేమో. 8 కట్టర్ ఒకేసారి దింపితే అది కొంచెం పక్కలకి ఊగి గాడి పెద్దదయ్యే ప్రమాదం ఉంది. 6తో మధ్యలో కోసి, తర్వాత రెండు గోడల్నీ కొద్దికొద్దిగా విప్పుకుంటూ పోతే పగ్గాలు మన చేతిలో ఉంటాయి. రెండు గోడలకీ దిశ మారుతుంది కాబట్టి, అక్కడ హ్యాండిల్ గీతల్ని వదిలేసి టేబుల్‌కే డయల్ ఆనించి, నిజంగా ఎంత కదిలిందో చూడాలి.

వేగం లెక్క మనకి వచ్చిందే. మైల్డ్ స్టీల్ మీద హెచ్ఎస్ఎస్ కట్టర్‌కి నిమిషానికి 25 మీటర్లు అనుకుంటే, 6 మి.మీ. కట్టర్‌కి సుమారు 1,300 ఆర్‌పీఎం. రెండు పళ్ల కట్టర్, పంటికి 0.02 మి.మీ. చొప్పున ఫీడ్ నిమిషానికి దాదాపు 52 మి.మీ. ఫీడ్ ఎప్పుడూ పళ్లు తిరిగే దిశకి ఎదురుగానే ఇవ్వాలి. అదే దిశలో ఇస్తే, బ్యాక్‌లాష్ ఉన్న మిషన్‌లో కట్టర్ టేబుల్‌ని లాక్కుపోతుంది. చిన్న కట్టర్ విరగడానికి అది చాలు.

పాత షాఫ్ట్ ముక్కల మీద ఆరు గాడులు కోసి చూశాం. ఆరోదాంట్లో కీ వేలితో నొక్కితే దిగలేదు, చెక్కసుత్తితో రెండు తట్లకి దిగింది. ఆ ఫిట్ కోసమే ఇంత శ్రమ.

చివరగా, మన ఊరి ఉప్పుగాలి సంగతి. పని అవ్వగానే చిప్స్‌ని బ్రష్‌తోనే తుడిచి, టేబుల్ మీద పల్చగా ఆయిల్ పూసి, కాటన్ గుడ్డ కప్పుతాం. ప్లాస్టిక్ కవర్ అయితే లోపల చెమ్మ పట్టి తుప్పు తొందరగా వస్తుంది. తిరిగే కట్టర్ దగ్గర గ్లవ్స్, వేలాడే చున్నీ, విప్పిన జుట్టు వద్దు. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి.

వచ్చే సెమిస్టర్ ల్యాబ్‌లో జాబ్ మొదలుపెట్టే ముందు సార్‌ని ఒక డయల్ గేజ్ అడగండి. స్పిండిల్‌కి కట్టి ఒక్క చుట్టు తిప్పి చూడండి. ఆ పది నిమిషాల్లో మిషన్ గురించి తెలిసేది ఏ రికార్డ్ బుక్కులోనూ దొరకదు.