మూలిగే మోటారు – తిరగని ఇరుసు

మీట వేయగానే బట్టలుతికే యంత్రంలోని మోటారు గుయ్‌మని మూలుగుతుంది, కాని తిరగదు. "శబ్దం వస్తున్నది గదా, కాసేపటికి అదే తిరుగుతుంది" అని చాలామంది ఎదురు చూస్తారు. మా పొరుగింటి ఖాలా కూడా అలాగే ఎదురు చూశారు. వసతి గృహ విద్యార్థుల బట్టలుతికి కుటుంబాన్ని పోషించుకొనే ఆమెకు ఆ పాత యంత్రమే జీవనాధారం. కొన్ని నిమిషాలకు కాలిన వాసన వచ్చింది. విప్పి చూడగా ఇరుసు స్వేచ్ఛగానే తిరుగుతున్నది. మొదట చెడినది స్వల్పమైన ఖరీదు గల ఒక కెపాసిటరు మాత్రమే. దాని మూలాన మోటారు తీగచుట్టలన్నీ మాడి నల్లబడినవి. ఆ మూలుగుకు అర్థం తెలిసి ఉంటే ఈ నష్టం జరిగేది కాదు.

రెండు తొట్ల యంత్రాలలో సాధారణంగా ఉండేది సింగిల్ ఫేజు ఇండక్షన్ మోటారు. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది. ఒక్క తీగచుట్టలో మాత్రమే ఈ విద్యుత్తు ప్రవహిస్తే, ఏర్పడే అయస్కాంత క్షేత్రం ఒకే రేఖలో పెరుగుతూ తరుగుతూ ఉంటుందే గాని చుట్టూ తిరగదు. అది ఎదురెదురు దిశలలో తిరిగే రెండు సమాన క్షేత్రాలతో సమానం. సమాన బలం గల రెండు జట్లు తాడు లాగినట్లు, నిశ్చలంగా ఉన్న రోటరు ఎటూ కదలదు. ఒక్కొక్క ఆవృత్తిలో ఆకర్షణ రెండుసార్లు గరిష్ఠమగుటచే ఇనుప భాగాలు సెకనుకు 100 సార్లు కంపిస్తాయి. ఆ కంపనమే మనం వినే మూలుగు. అనగా, తీగచుట్టకు విద్యుత్తు అందుతున్నదని మాత్రమే అది చెబుతుంది. మోటారు క్షేమమని చెప్పదు.

క్షేత్రం తిరగాలంటే రెండవ తీగచుట్ట, దానితో వరుసగా కెపాసిటరు కావలెను. కెపాసిటరు వలన రెండవ చుట్టలోని విద్యుత్తు దశలో ముందుంటుంది. అప్పుడు క్షేత్రం చుట్టూ తిరిగి రోటరును తనవెంట లాగుతుంది. ఇటలీలోని టురిన్ నగరంలో గెలీలియో ఫెరారిస్ 1885లో భ్రమణ క్షేత్రాన్ని కనుగొని 1888లో ప్రకటించాడు. ఆ సంవత్సరమే నికోలా టెస్లా తన మోటార్లకు అమెరికాలో పేటెంట్లు పొందాడు. మన ఇంటి తొట్టి క్రింద పని చేసేది ఆ సూత్రమే.

తిరగని మోటారు మామూలుకంటె అనేక రెట్లు విద్యుత్తును లాగుతుంది. ఉష్ణం విద్యుత్తు వర్గానుపాతంలో పెరుగుతుంది గనుక, విద్యుత్తు 5 రెట్లయితే ఉష్ణం 25 రెట్లు. కాబట్టి మూలుగు విని కూడా ఇరుసు కదలకుంటే వెంటనే మీట ఆపవలెను.

ఇక పరీక్షాక్రమం. ముందు ప్లగ్గు పూర్తిగా ఊడదీయాలి. కెపాసిటరులో విద్యుదావేశం మిగిలి ఉండవచ్చును. దానిని తగిన నిరోధం ద్వారా, అనుభవజ్ఞుల సమక్షంలో ఖాళీ చేయవలెనే గాని స్క్రూడ్రైవరుతో కలపరాదు.

మొదట, తొట్టి అడుగున ఉన్న చక్రాన్ని చేతితో త్రిప్పి చూడాలి. దాని క్రింద చేతిరుమాలో, నాణెమో ఇరుక్కొని ఉండవచ్చును. బట్టలు పిండే తొట్టి అయితే, మూత మూసినప్పుడు బ్రేకు వదులుతున్నదో లేదో చూడాలి.

రెండవది, బెల్టు తీసి మోటారు ఇరుసును వ్రేళ్లతో త్రిప్పాలి. బిగుసుకొని ఉంటే దోషం బేరింగులలో ఉన్నది.

మూడవది, ఇరుసు తేలికగా తిరిగితే కెపాసిటరును కొలవాలి. దానిపై 10 మైక్రోఫారడ్లు, 5 శాతం హెచ్చుతగ్గు అని ఉంటే కొలత 9.5కు, 10.5కు మధ్య ఉండవలెను. ఉబ్బినదానిని మార్చవలసిందే. కొత్తది అదే విలువ గలదై, వోల్టేజి పరిమితిలో పాతదానికి తీసిపోనిదై ఉండాలి.

నాలుగవది, తీగచుట్టల నిరోధం. ఉతికే మోటారు రెండువైపులా తిరగవలసినది గనుక దాని రెండు చుట్టలు సాధారణంగా సమానం. కొలతలు బాగా భేదించినా, ఒక చుట్ట తెగినా, చుట్టకు ఇనుప దేహానికి సంబంధం కనిపించినా మోటారును మళ్లీ చుట్టించవలసి ఉంటుంది.

కెపాసిటరు చెడిన మోటారు ఇరుసును ఒకసారి త్రిప్పి వదిలితే, త్రిప్పిన దిశలోనే తిరుగసాగుతుంది. కొందరు మెకానిక్కులు ఇలా పరీక్షిస్తారు. విద్యుత్తు ఉండగా తిరిగే భాగాల వద్ద చేయి పెట్టడం ప్రమాదకరం. విద్యార్థులు దీనిని అనుకరించరాదు.

ఖాలా మోటారును తిరిగి చుట్టించేవరకు ఆమె చేతులతోనే బట్టలుతికారు. ఆ కష్టాన్ని తప్పించగల పాఠం మన భౌతికశాస్త్ర పుస్తకాలలోనే ఉన్నది; కాని దానిని మనం పరీక్ష కోసం చదివామే గాని పొరుగింటి గోడ దాటించలేదు. మిత్రులారా, ఈసారి ఆ మూలుగు ఏ ఇంట వినబడినా, ముందు మీట ఆపించండి. ఆ పిమ్మట కారణం వెదకండి.