చౌకధర గేమింగ్ ఫోను – బలాబలాలు

ఈ రోజుల్లో విద్యార్థి చేతిలో పుస్తకం వున్నా లేకపోయినా ఫోను వుండి తీరుతుంది. అందులోనూ పదిహేను, ఇరవై వేలకే "గేమింగ్ ఫోను" అన్న ప్రకటన కనిపిస్తే మనవాళ్ళ కాళ్ళు నేలమీద నిలవవు. మావంటి వ్యవసాయ కుటుంబాలకు ఆ సొమ్ము చిన్నది కాదు. కాబట్టి ఇటువంటి ఫోను బలమేమిటో, బలహీనత యేమిటో సైన్సు చదువుకునే మనమైనా కాస్త తూచి చూడాలి గదా!

ముందు బలం సంగతి. ధర తగ్గించాలంటే కంపెనీవాడు ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదు. గేమింగ్ ఫోనులో ప్రాసెసరు జోలికి పోకుండా మిగతా వాటిమీద కోత పెడతాడు. దీనికి మంచి ఉదాహరణ 2018 ఆగస్టులో మన దేశంలో విడుదలైన పోకో ఎఫ్1. అందులోని స్నాప్‌డ్రాగన్ 845 ప్రాసెసరే అదే ఏడాది మే నెలలో వచ్చిన వన్‌ప్లస్ 6లోనూ వుంది. వన్‌ప్లస్ ప్రారంభ ధర 34,999 రూపాయలు, పోకోది 20,999. ఆ 14,000 తేడాలో కొంత కంటికే కనిపిస్తుంది. వెనకవైపు అద్దం బదులు ప్లాస్టిక్కు, ఆమోలెడ్ తెర బదులు ఎల్.సి.డి. తెర, కెమేరాలో చేతి వణుకును లెన్సుతో సరిచేసే ఏర్పాటు లేదు. బ్యాటరీ మాత్రం 3,300 బదులు 4,000 మిల్లీ ఆంపియర్ అవర్లు! ఆడుకునేవాడికి ఇది న్యాయమైన బేరమే.

అయితే అన్ని బేరాలూ ఇంత సూటిగా వుండవు. తెర "120 హెర్ట్జ్" అని పెట్టెమీద పెద్ద అక్షరాలతో వేస్తారు. అంటే తెర సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చగలదని మాత్రమే అర్థం. అన్ని బొమ్మలు గీయవలసింది ప్రాసెసరు. ఒక్కొక్కదానికి దానికి దొరికే వ్యవధి 8.3 మిల్లీ సెకన్లు. కాలవ ఎంత వెడల్పుగా తవ్వినా పైనుంచి నీరు రాకపోతే చేను తడవదని మా డెల్టా చివరి భూముల రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. అలాగే "8 జి.బి.కి మరో 8 జి.బి. ర్యామ్ అదనం" అంటే అది స్టోరేజి నుంచి తెచ్చుకున్న చేబదులు. నిజమైన ర్యామ్ వేగం దానికి రాదు.

అసలు బలహీనత వేడి దగ్గర బయటపడుతుంది. ఫోనులో ఫ్యాను లేదు. పుట్టిన వేడి ఒంటి మీదుగా గాలిలోకి పోవలసిందే. న్యూటన్ శీతలీకరణ సూత్రం ప్రకారం అది పోయే వేగం ఫోనుకూ, చుట్టూ వున్న గాలికీ మధ్యగల ఉష్ణోగ్రత తేడాను బట్టి వుంటుంది. ఫోను వీపు 42 డిగ్రీలుందనుకోండి. 25 డిగ్రీల ఏ.సి. గదిలో తేడా 17. మే నెలలో 38 డిగ్రీల ఎండపూట మా నిజాంపట్నంలో తేడా 4! అంటే వేడి నాలుగో వంతు వేగంతో కూడా బయటికి పోదు. అప్పుడు ప్రాసెసరు తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఆట తడబడుతుంది. "లిక్విడ్ కూలింగ్" అని చెప్పే రాగి గొట్టం వేడిని ఒకచోటినుంచి ఒళ్ళంతా పరుస్తుందే గాని మాయం చేయదు. పైగా ఆ వేడిలో ఛార్జింగు పెట్టి ఆడితే బ్యాటరీ ఆయుష్షు త్వరగా తరుగుతుంది.

అందుకే రెండు మూడు నిమిషాల పరీక్షలో వచ్చిన స్కోరు చూసి ఫోను కొనడం తగదు. ఎడ్ల బండలాగుడు పందెంలో మొదటి ఊపు చూసి బహుమతి ఇవ్వరు. పెట్టిన గడువులో మొత్తం ఎంత దూరం లాగాయో కొలుస్తారు. మనమూ అలాగే కొలవాలి. అదే రకం ఫోను వున్న స్నేహితుణ్ణి అడిగి, మధ్యాహ్నంపూట అరగంట ఆడి చూడండి. మొదటి అయిదు నిమిషాల్లో సెకనుకు ఎన్ని బొమ్మలు వచ్చాయి, చివరి అయిదు నిమిషాల్లో ఎన్ని? 60తో మొదలై 55 దగ్గర నిలిస్తే మంచి ఫోను. 90తో మొదలై 40కి జారితే అది ఆరంభశూరుడు.

మా తీరంలో ఇంకొక పరీక్ష కూడా వుంది. నీటి తుంపరలను తట్టుకుంటుందని చెప్పే ఐ.పి. అంకెలు మంచినీటి పరీక్షకు సంబంధించినవి. హార్బరులోని ఉప్పునీటికి అవి హామీ కావు. మిట్టమధ్యాహ్నం ఎండలో తెర కనబడుతుందా, ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తామన్నారు, మరమ్మతుకు ఏ ఊరు పోవాలి – ఇవీ అడగవలసినవే.

ఎందుకంటే మా ఇళ్ళల్లో చాలాచోట్ల మంచి ఫోను ఒక్కటే వుంటుంది. రాత్రి తమ్ముడు ఆటాడిన ఫోనులోనే పొద్దున తుఫాను హెచ్చరిక చూడాలి, ధాన్యం డబ్బు బ్యాంకులో పడిందో లేదో నాన్న చూసుకోవాలి, నేను పాఠం వినాలి. వేగమైన ప్రాసెసరు, పెద్ద బ్యాటరీ వీటన్నిటికీ పనికొస్తాయి గనుక గేమింగ్ ఫోను కొనడం దండగని నేననను. కాని అరగంట ఆటకు అలిసిపోయి, రెండేళ్ళకే బ్యాటరీ చతికిలబడే ఫోను ఎంత చౌకగా వచ్చినా ఇంటికి ఖరీదైనదే.