ఈ బంతి ఆ బంతేనా?

2023 జనవరి 21న రాయ్‌పూర్‌లోని షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్టేడియంలో తొలి అంతర్జాతీయ వన్డే జరిగింది. మొదటి ఓవర్ ఐదో బంతికే మహ్మద్ షమీ ఫిన్ అలెన్‌ను బౌల్డ్ చేశాడు. మన హైదరాబాదీ సిరాజ్ ఆరు ఓవర్లు వేసి 10 పరుగులే ఇచ్చాడు. న్యూజిలాండ్ 34.3 ఓవర్లలో 108 పరుగులకే ఆలౌటైంది. షమీ వికెట్లు తీసిన బంతి ఇదేనంటూ రేపెవరైనా మీ ముందు ఓ తెల్లబంతి పెడితే నమ్మడమెలా?

ముందుగా బంతినే పరీక్షిద్దాం. లోపల కార్క్ గుండు, దానిపై బిగించి చుట్టిన ఊలు దారం, ఆపైన తోలు. బరువు 156 నుంచి 163 గ్రాములు, చుట్టుకొలత 22.4 నుంచి 22.9 సెంటీమీటర్లు. నడుమ ఆరు వరుసల కుట్టు. ఎర్రబంతి తోలుకు రంగు పట్టిస్తారు, తెల్లబంతికి పైన తెల్లటి పూత వేస్తారు. పిచ్‌కు తగిలినప్పుడల్లా ఆ పూత గీసుకుపోయి మట్టి అంటుకుంటుంది. ఆటగాళ్లు ప్యాంటుకు రుద్దే వైపు నునుపు నిలుస్తుంది, రెండోవైపు గరుకెక్కుతుంది. కుట్టు క్రమంగా అణిగిపోతుంది.

ఈ అరుగుదలను ఓవర్లతో సరిచూడవచ్చు. అప్పటి నిబంధన ప్రకారం వన్డే ఇన్నింగ్స్‌లో ఒక్కో ఎండ్‌ నుంచి ఒక్కో కొత్త బంతి వాడేవారు. కాబట్టి ఆ రోజు న్యూజిలాండ్ ఇన్నింగ్స్‌లో ఒక్కో బంతి పనిచేసింది సుమారు 17 ఓవర్లే. 2025 జులైలో నిబంధన మారింది. 34 ఓవర్లు ముగిశాక రెండింటిలో ఒకదాన్ని ఎంచుకుని చివరిదాకా దానితోనే ఆడాలి. అందుకే 2025 డిసెంబర్ 3న ఇక్కడే దక్షిణాఫ్రికాపై కోహ్లి సెంచరీ చేసిన ఇన్నింగ్స్‌లో ఒక బంతి 17 ఓవర్ల దగ్గర ఆగితే, మరొకటి 33 ఓవర్లు తిరిగింది. కుట్టు పూర్తిగా అణిగి, పూత లేచిపోయిన బంతిని 2023 నాటిదంటే అనుమానించాల్సిందే. కానీ ఏ క్లబ్ మ్యాచ్‌లోనో 17 ఓవర్లు వాడిన బంతి కూడా అచ్చం అలాగే ఉంటుంది. బంతి మీది గుర్తులు ‘ఇది కాదు’ అని గట్టిగా చెప్పగలవు. ‘ఇదే’ అని మాత్రం చెప్పలేవు.

స్వాన్సీ బంతి కథే అందుకు సాక్ష్యం. 1968 ఆగస్టు 31న వేల్స్‌లోని స్వాన్సీలో గ్యారీ సోబర్స్ మాల్కమ్ నాష్ ఓవర్లో ఆరు సిక్సర్లు కొట్టాడు. ఆ ఓవర్లో వాడిందంటూ ఒక బంతిని 2006లో లండన్‌లో క్రిస్టీస్ సంస్థ వేలం వేస్తే 26,400 పౌండ్లు పలికింది. దానికి సోబర్స్ సంతకం చేసిన పత్రం కూడా ఉంది. అయితే ఆ బంతి డ్యూక్ కంపెనీది. తాను వేసింది సరిడ్జ్ కంపెనీ బంతి అని నాష్ చెప్పాడు. ఓవర్ మొత్తానికి ఒకే బంతి వాడారని బీబీసీ దృశ్యాలు చూపుతున్నాయి. పేరున్న సంస్థ, దిగ్గజం సంతకం ఉన్నా అనుమానం తీరలేదు. బంతి మీది ముద్ర ‘కాదు’ అంటోంది.

అమెరికాలో బేస్‌బాల్ బంతుల వ్యాపారం ఈ సమస్యను ముందే ఎదుర్కొంది. 1990ల చివర్లో ఎఫ్‌బీఐ నకిలీ సంతకాల ముఠాలపై చేసిన దాడుల్లో మదర్ థెరిసా సంతకంతో ఉన్న బేస్‌బాల్ కూడా దొరికింది! ఆ తర్వాత 2001లో మేజర్ లీగ్ బేస్‌బాల్ సొంతంగా ధ్రువీకరణ పద్ధతి మొదలుపెట్టింది. పోలీసు శాఖల్లో పనిచేస్తున్నవారు, పనిచేసి రిటైరైనవారు మైదానం పక్కనే కూర్చుంటారు. ఆటలోంచి బయటికొచ్చిన బంతిని కళ్లారా చూసి, తీస్తే చిరిగిపోయే హోలోగ్రామ్ అంటించి, దాని నంబరును అక్కడికక్కడే నమోదు చేస్తారు. తమ కంటిచూపు దాటిపోయిన బంతిని ధ్రువీకరించరు. ఇది నేరస్థలంలో సాక్షుల ఎదుట వస్తువును సీలు చేసి పంచనామా రాయడం లాంటిదే.

ఈ విషయంలో క్రికెట్‌కు ఒక వెసులుబాటుంది. బేస్‌బాల్ మ్యాచ్‌లో వందకు పైగా బంతులు మారతాయి. ప్రేక్షకుల్లో పడినవి వాళ్లకే. క్రికెట్‌లో బంతి తిరిగి మైదానంలోకి రావాల్సిందే. వికెట్ పడినప్పుడు, విరామంలో అంపైర్ దాన్ని తన దగ్గర పెట్టుకుంటాడు. ఇన్నింగ్స్ ముగిసిన క్షణంలో బంతి ఎక్కడుందో వేలమందికి తెలుసు. సరిగ్గా అప్పుడే దానికి నంబరు వేసి, కుట్టు వరుసలూ గీతలూ కనిపించేలా నాలుగు వైపులా దగ్గరి నుంచి ఫొటోలు తీస్తే చాలు. దారం కుట్టులోని చిన్న చిన్న తేడాలు, తోలు మీది గాట్లు ఏ రెండు బంతుల్లోనూ ఒకేలా ఉండవు. ఏళ్ల తర్వాతైనా పోల్చి చూడొచ్చు.

ఆ గుర్తులను కాపాడటం సేకర్తల బాధ్యత. బంతిని తుడవకూడదు, పాలిష్ పెట్టకూడదు. అంటిన మట్టి కూడా ఆధారమే. తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రాయ్‌పూర్ వేసవి ఎండకు అది బిగుసుకుని పగలొచ్చు, వానాకాలంలో బూజు పట్టొచ్చు. ఎండ తగలని చోట, తేమ పెద్దగా మారని అద్దాల పెట్టెలో ఉంచాలి.

రాయ్‌పూర్ మైదానానికి అంతర్జాతీయ చరిత్ర మొదలై ఎన్నో ఏళ్లు కాలేదు. ఇప్పటి నుంచే ప్రతి మ్యాచ్ బంతినీ ఆ సాయంత్రమే నమోదు చేస్తే, రేపు ఇక్కడి పిల్లలు మ్యూజియంలో చూసే బంతి నిజంగా ఆ బంతే అవుతుంది. ఖర్చు ఒక కెమెరా, ఒక రిజిస్టరు. ఆ అవకాశం మాత్రం మ్యాచ్ ముగిసిన ఆ కొద్ది నిమిషాలే ఉంటుంది.