పట్టా పొందిన పిమ్మట

ఇల్లు కట్టదలచిన గృహస్థుడు అరుగు ఎంత ఎత్తున వేయవలెనో నిర్ణయించుటకు ముందు, ఆ వీధిలో చిరకాలముగా ఉన్న పెద్దలను ఒక ప్రశ్న అడుగును: “పెద్దవాన కురిసిన ఏట నీరు ఎంతవరకు వచ్చినది?” వారు గోడమీద చేయి పెట్టి చూపిన గుర్తును బట్టి పునాది లేచును. నగరమునకు ప్రణాళిక రచించు నిపుణుడు చేయు పనియు ఇట్టిదే. గృహస్థుడు ఒక్క ఇంటికొరకు అడుగును. నిపుణుడు వేల ఇండ్లకొరకు అడుగును. అతడు ఎన్నడో తెలిసికొనిన సమాధానము ఇప్పుడు పాతబడిపోయినచో ఆ వేల ఇండ్ల గతి యేమి?

ఇది ఊహకొరకు వేసిన ప్రశ్న కాదు. అమెరికా దేశమున టెక్సాస్ రాష్ట్రములోని హ్యూస్టన్ నగరమున ఎందరో తెలుగువారు స్థిరపడి గృహములు కొనుక్కొని యున్నారు. ఆ నగరమున ఒక దినములో కురియదగిన “నూరేండ్ల వాన” సుమారు 13 అంగుళములని చాలకాలము లెక్క యుండెను. ఆ దేశపు జాతీయ సముద్ర వాతావరణ సంస్థ 2018లో క్రొత్త అంచనాలను ప్రకటింపగా, ఆ 13 అంగుళములు 18 అంగుళములైనవి. అంతకు ముందటి సంవత్సరమే, అనగా 2017 ఆగస్టులో, హార్వీ తుపాను ఆ ప్రాంతమును ముంచివేసి యుండెను.

నూరేండ్ల వాన యనగా నూరేండ్లకు ఒకమారు మాత్రమే వచ్చు వాన యని పలువురు భ్రమపడుదురు. అది సరికాదు. ఏ యేటనైనను అంతటి వాన కురియుటకు నూటికి ఒక పాలు అవకాశము కలదని దాని యర్థము. ఇంటికొరకు తీసికొనిన అప్పు 30 ఏండ్లలో తీరుననుకొందము. ఆ 30 ఏండ్లలో ఒకమారైనను అట్టి వాన కురియు అవకాశము నూటికి సుమారు 26 పాళ్లు. లెక్కలోని అంగుళములే తప్పైనచో అవకాశము ఇంకను హెచ్చును. కాలువ వెడల్పును, వంతెన యెత్తును, ఇంటి పునాదిని నిర్ణయించునది ఈ అంకెయే. 1990లో పరీక్ష వ్రాసిన నిపుణుడు 13 అని వ్రాసియుండినచో, ఆనాటికి అది సరియైన సమాధానము. ఈనాడు అదే సమాధానముతో కాలువ త్రవ్వించినచో వీధి మునుగును.

అందువలననే ఆ దేశములోని నగర ప్రణాళికా నిపుణులు తమ వృత్తికి ఒక నియమమును ఏర్పరచుకొనిరి. 1978లో రెండు పూర్వ సంస్థల కలయికచే అమెరికన్ ప్లానింగ్ అసోసియేషన్ ఏర్పడెను. దాని అంగమైన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సర్టిఫైడ్ ప్లానర్స్ అను సంస్థ పరీక్ష నడపి, వృత్త్యనుభవమును విచారించి, యోగ్యులకు ధ్రువపత్రము నొసగును. న్యూజెర్సీ రాష్ట్రమున ఈ వృత్తికి ప్రభుత్వపు అనుమతి పత్రమే కావలెను. తక్కిన రాష్ట్రములలో సాధారణముగా అట్టి నిర్బంధము లేదు. కాబట్టి పురపాలక సంఘములు నిపుణుని ఎన్నుకొనునపుడు ఈ ధ్రువపత్రమునకు విలువ నిచ్చును.

పూర్వము ఒకమారు ఉత్తీర్ణుడైనచో ఆ గౌరవము నిలిచిపోవుచుండెను. 2007లో సంస్థ ఆ పద్ధతిని మార్చెను. ధ్రువపత్రమును నిలుపుకొనవలెనన్నచో, ప్రతి రెండేండ్లకును 32 గంటల అధ్యయనము చేసినట్లు నిపుణుడు చూపవలెను. గంటకు ఒక క్రెడిట్ చొప్పున లెక్క వేయుదురు. సభలకు పోవచ్చును, విశ్వవిద్యాలయపు తరగతులలో చేరవచ్చును, ఇంటనుండియే కంప్యూటరు ద్వారా పాఠములు వినవచ్చును. బోధనకును, రచనకును కూడ పరిమితికి లోబడి క్రెడిట్లు లభించును. గడువు దాటినను లెక్క పూరింపనివారు తమ పేరు చివరనున్న ఆ గౌరవాక్షరములను వదలుకొనవలసి వచ్చును.

ఈ గంటలలో కొన్ని మాత్రము నిపుణుని ఇష్టమునకు విడువబడలేదు. ధర్మశాస్త్రమునకును, వృత్తినీతికిని తప్పనిసరిగా కొంత కాలము నియమించిరి. 2022లో సమన్యాయమును, ప్రకృతి వైపరీత్యములను తట్టుకొను శక్తిని గూర్చిన అధ్యయనమును అదనముగ చేర్చిరి. వీని యవసరమేమో ఒకటి రెండు ఉదాహరణములచే తెలియగలదు.

అరిజోనా రాష్ట్రమున గిల్బర్ట్ అను పట్టణము కలదు. వీధిలో నిలుపు ప్రకటన ఫలకములకు ఆ పట్టణము నియమములు చేసెను. ప్రార్థనసభకు దారి చూపు ఫలకమును సభకు 12 గంటల ముందు పెట్టి, ముగిసిన గంటలోపల తీసివేయవలెను. ఎన్నికల ఫలకములు అంతకంటె పెద్దవిగా, చాలకాలము ఉండవచ్చును. ఒక చిన్న క్రైస్తవ సంఘము వ్యాజ్యము వేసెను. ఫలకముపై వ్రాసిన విషయమును బట్టి భేదము చూపుట వాక్స్వాతంత్ర్యమునకు విరుద్ధమని 2015లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ ఒక్క తీర్పుతో దేశమునందలి అనేక పట్టణముల నియమములు సందేహమున పడినవి. పాత పాఠమునే నమ్మి క్రొత్త నియమము వ్రాసిన ఉద్యోగి తన ఊరిని న్యాయస్థానమునకు ఈడ్చినవాడగును. ఆ ఖర్చు పన్ను కట్టువారి నెత్తిన పడును.

సమన్యాయపు పాఠమునకు వెనుక దీర్ఘమైన చరిత్ర కలదు. 1930 దశకమున ఫెడరల్ ప్రభుత్వపు గృహఋణ సంస్థ నగరముల పటములు వ్రాయించి, అప్పిచ్చుటకు ప్రమాదకరములని తలచిన పేటలకు ఎర్రరంగు పూసెను. నల్లజాతివారు నివసించు పేటలు అత్యధికముగా ఆ రంగులోనే పడినవి. పటము వ్రాసినవారు తమ కాలమున విద్యావంతులే. తమ శాస్త్రము నిర్దుష్టమని నమ్మినవారే. నేర్చిన విద్యను మరల పరీక్షించుకొనని పండితుని వలన ఎంత కీడు కలుగునో ఆ ఎర్రరంగు సాక్ష్యమిచ్చుచున్నది.

నేర్చిన దానిని విడుచుట కూడ విద్యయే. క్రొత్తగా కట్టు ప్రతి భవనమునకు ఇన్ని కారులు నిలుపుటకు చోటు విడువవలెనని అమెరికా నగరములు దశాబ్దముల తరబడి నిర్బంధించినవి. విద్యార్థులు దానినే వల్లించిరి. ఆ నియమము వలన భూమి వ్యర్థమగుచున్నదనియు, ఇండ్ల ఖరీదు పెరుగుచున్నదనియు గ్రహించి, న్యూయార్క్ రాష్ట్రములోని బఫెలో నగరము 2017లో నగరమంతటను ఆ కనీస నిర్బంధమును తొలగించెను. పిమ్మట ఇతర నగరములును ఆ దారి పట్టినవి.

అయితే గంటలు లెక్కించుట సులభము. నేర్చినదానిని తూచుట కష్టము. సభలో వెనుక వరుసను కునుకు తీసినవానికిని, ముందు వరుసను కూర్చుండి ప్రశ్నించినవానికిని క్రెడిట్లు ఒక్కటే. పెద్ద నగరపు ఉద్యోగికి ప్రయాణవ్యయమును కార్యాలయము భరింపవచ్చును. చిన్న ఊరిలో ఒంటరిగా పనిచేయువాడు తన జేబునుండి పెట్టుకొనవలసి రావచ్చును. ఈ లోపములు ఉన్నవని మేమును ఒప్పుకొందుము. కాని లోపములున్నవని నియమమునే త్రోసివేసినచో, నిపుణుడు తన పాత పుస్తకముతో ఒంటరిగా మిగులును. 32 గంటలు జ్ఞానమునకు హామీ కావు. తలుపు తెరచియుంచుటకు ఒక గడియ మాత్రమే.

వైద్యుడు పాతబడినచో రోగి మరియొక వైద్యుని వెదుకును. నగర ప్రణాళిక అట్లు కాదు. ఒకమారు వేసిన రహదారి, పూడ్చిన చెరువు, విడిచిన కాలువ రెండు మూడు తరములవరకు మారవు. తప్పు చేసినవాడు ఉద్యోగ విరమణము చేసి వెడలిపోవును. మోకాలిలోతు నీటిలో నిలుచువారు వేరొకరు. అందుచేతనే ఆ సంస్థయొక్క నీతినియమావళి ప్రజాహితమును నిపుణుని మొదటి బాధ్యతగా చెప్పినది. నిరంతరాధ్యయనము అతనికి అలంకారము కాదు. కంటికి కనబడని ఆ నివాసులకు అతడు చెల్లింపవలసిన ఋణము.

మన యిండ్ల గోడలమీద పెద్దలు చూపిన వరదగుర్తులను గౌరవింతము. కాని గుర్తు పెట్టిన పిమ్మట ఎగువ చెరువు పూడినదా, కొండ బోడియైనదా, వీధి యెత్తు పెరిగినదా యని మరల అడిగి తెలిసికొందము. పట్టా ఒక్కనాటి జ్ఞానమునకు సాక్షి. వాన ప్రతి యేడును కురియును.